సుగుణమ్మ గోలీలు

“కూర్చో అవ్వా, నీ రికార్డు చూడాలె” అన్నాడు డాక్టర్ శ్యాంసుందర్.

“గీ వయసుల నాతోటి రికార్డు డ్యాన్సేంది సారూ?” అని సుగుణమ్మ చెంగు బిగించింది.

చేవెళ్ల క్లినిక్కులో కూర్చున్నవాళ్లంతా గొల్లుమన్నారు.

“డ్యాన్సు కాదవ్వా! నీకు రాసిన మందులన్నీ కంప్యూటర్ల కనిపిస్తయి” అని కాంపౌండర్ కుర్మయ్య సర్దిచెప్పాడు.

ఐటీ బూమ్ దెబ్బకు చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చిన రోజులవి. డాక్టరు గారి బల్లమీదికి కంప్యూటరొచ్చింది. ఏ రోగికి ఏ మందు రాసినా ఒకరికొకరు తెలుపుకోవాలని చేవెళ్ల, మొయినాబాద్ డాక్టర్లు మాట్లాడుకున్నారు.

తెరమీద సుగుణమ్మ పేరు కింద ఫిట్స్ మందు, దిగులు తగ్గించే మనాది మందు, నిద్రమందు బారులు తీరాయి.

“గివన్నీ నువ్వే మింగుతున్నవా, ఎవరికన్న అమ్ముతున్నవా?” అన్నాడు డాక్టరు.

సుగుణమ్మ మోకిలలో విల్లాల ముందు ఆకుకూరలు అమ్మే మనిషి. కొంగుముడి విప్పి, గోలీలు అయిపోయిన ఖాళీ రేకులు బల్లమీద పరిచింది.

“గిసొంటియే రాయి. ముచ్చట్లు అడగకు.”

“గిన్ని మింగితే పిచ్చి లేస్తది!”

“లేసింది గదా! ఊరంత పిచ్చి సుగుణమ్మనే అంటరు. నాకు లేని ఫికర్ నీకెందుకు?”

“నిజం చెప్తేనే రాస్త.”

“చెప్ప. ఒక్క పూట తప్పినా ఆగమైతది. రాయి సారూ!”

డాక్టరు రాయలేదు, రాయిలా కూర్చున్నాడు. మందులు ఇవ్వకుండా మందలింపులిచ్చాడు. పైగా మొయినాబాద్ దాకా మందుల దుకాణాలన్నింటికీ ఫోన్ చేయించి, ఈమెకు ఇవ్వొద్దన్నాడు.

సుగుణమ్మ రేకులు ఏరుకుంది.

“నీ ఫోను మొయినాబాద్ దాకనే మోగుతది. పట్నం శాన పెద్దది” అంటూ విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు మే నెల ఎండలో పట్నమంతా తిరిగింది. తిరుగు బస్సు దిగుతూనే చేవెళ్లలో కుప్పకూలింది. క్లినిక్కుకు తెచ్చేసరికి ప్రాణం లేదు. కొంగుముడిలో మాత్రం నిండు రేకులున్నాయి.

కబురు విని జనం పోగయ్యారు.

“చెప్తే విన్నదా? గోలీలు మింగి మింగి పానం తీసుకున్నది” అన్నాడు డాక్టరు.

“ఆమె మింగలె!”

గుంపులోంచి కిరాణా దుకాణం అన్నపూర్ణ ముందుకొచ్చింది.

“ఆ ఫిట్స్ గోలీలు నావి. గల్లా మీద కూసునే ఆమెకు మూర్ఛ అంటే దుకాణానికి ఎవలొస్తరని ఆమె పేరు మీద తెప్పించుకున్న.”

భర్త చెయ్యి పట్టి లాగాడు. ఆమె విదిలించుకుంది.

“మనాది మందు నాది” అన్నాడు మోకిల విల్లాలో ఉండే సాఫ్ట్‌వేర్ అరుణ్. “ఆఫీసుల తెలిస్తే పిచ్చోడంటరని దాచిన. అననీ ఇగ!”

“నిద్రగోలీలు మా బాపువి” అని ఇంకో గొంతు లేచింది.

“అవసరమైతే నా దగ్గరికే రావచ్చు గదా?” అన్నాడు డాక్టరు నీరసంగా.

“ఇప్పుడొచ్చినం. నలుగురు వినంగ చెప్తున్నం, మా పేర్లు రాసుకో సారూ!” అన్నది అన్నపూర్ణ.

డాక్టరు కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క మందూ అసలు మనిషి పేరు కిందికి వెళ్లిపోయింది.

“మరి సుగుణమ్మ రోగమేంది?” అని అడిగాడు.

“ఆమెకు ఏ రోగం లేదు సారూ” అన్నది అన్నపూర్ణ. “మా అందరికి రావాల్సిన పిచ్చి పేరు ఆమె ఒక్కతే తీసుకున్నది.”