వెనక వరుసలో ఏడో ఓడ

వాళ్ళాయన లెక్కలో ఇంట్లో ఏది పాడైనా కారణం ఆవిడే. పాలు విరిగినా ఆవిడే, వాన కురిసినా ఆవిడే. అలాంటిది, బ్రౌజర్లో ఆడుకునేలా ఆయన తయారుచేసిన అంతరిక్ష యుద్ధం ఆటలో ఒక బొమ్మ తేడాగా కనిపిస్తే ఇంకెవరిని అంటాడు? బొమ్మలు గీసింది ఆవిడేనాయె.

"వెనక వరుసలో ఏడో ఓడ చూడు, ఎంత వంకరగా గీశావో! తెల్లారితే ఆట జనంలోకి వెళ్ళాలి. నా పరువు తీద్దామనా?"

అర్ధరాత్రి కావస్తోంది. ఆవిడ నిద్రమొహంతో వచ్చి తెరలోకి చూసింది. శత్రువుల ఓడలన్నీ ముక్కు కిందికి దించుకుని వస్తున్నాయి. అదొక్కటే ముక్కు ఇటు తిప్పి, తెర బయట ఉన్న తమ ఇద్దరినీ చూస్తున్నట్టుంది.

"కాల్చేయకపోయారా?"

"తగిలితేగా!"

"నేను గీసింది ఒక్క ఓడేనండీ. దాన్నే మీరు ఇరవైసార్లు అతికించారు. తిరిగితే అన్నీ తిరగాలి గానీ, ఒక్కటెలా తిరుగుతుంది?"

"కబుర్లు చెప్పకు." ఆయన విసురుగా ఓడ బొమ్మ ఫైలునే తీసేసి, ఆట మళ్ళీ తెరిచాడు.

ఓడలన్నీ మాయమయ్యాయి. నల్లటి తెర మీద ఏడోది మాత్రం అలాగే ఉంది, ఇందాకటికంటే కాస్త పెద్దగా. గది ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. ఆవిడ తలెత్తి చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చప్పుడే లేదు.

ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆవిడ చేతిని పట్టుకుంది.

"ఏమేవ్," అన్నాడు గొంతు తగ్గించి, "తప్పు నాదే. ఇది నువ్వు గీసింది కాదు."