ఆబా రాయని వారం

"ఈ ఆదివారం ఆబా ఎందుకు రాయలేదు?"

గొడుగైనా మూయకుండా లోపలికొచ్చి, మడిచిన పేపరుని సంపాదకుడు సబ్నీస్ బల్ల మీద పడేసింది అక్కాతాయి. గొడుగు నీళ్ళు అచ్చుకెళ్ళాల్సిన కాగితాల మీద కారాయి. సబ్నీస్ వాటిని పక్కకి లాక్కున్నాడు గానీ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. కొల్హాపూర్‌లో ఆవిణ్ణి ఎరగనిదెవరు? ఏ కూడలి చూసినా ఆవిడ కొడుకు జయసింగ్ బొమ్మే. మొట్టమొదటిసారి మన రాకెట్టులో, మన నేల మీంచి అంతరిక్షానికి వెళ్ళబోయే ముగ్గురిలో నడిమి సీటు అతనిది.

"కూర్చోండి తాయీ. టీ తెప్పిస్తాను."

"టీ ఎవరిక్కావాలి సాయెబ్? ఆబా ఏడీ?"

ఆబా, అంటే తాతయ్య, అన్న పేరుతో ఆ పేపర్లో ప్రతి ఆదివారం 'తుస్సు టపాకాయ' అని ఒక శీర్షిక వచ్చేది. మనిషిని ఆకాశానికి పంపుతామన్న సర్కారుని అందులో ఉతికి ఆరేసేవాడు. పంచగంగ మీద వంతెన పూర్తిచేయడం చేతకానివాళ్ళు చుక్కల్లోకి దారి వేస్తారట! వీధి చివరికి నీళ్ళ ట్యాంకరు చేరదు గానీ వీళ్ళ రాకెట్టు మాత్రం చేరుతుందట! అది కదిలిన రోజున నా మీసం తీయించుకుంటాను, అని ముగింపు. ఊరంతా ఆబాని తిట్టిపోసింది. దేశద్రోహి అంది. ఒక్క అక్కాతాయి మాత్రం ఆ కాగితాన్ని దేవుడి గూట్లో దాచుకుని, పడుకునే ముందు ఇంకోసారి చదువుకునేది. ఎగరనిదాంట్లోంచి ఎవరూ కింద పడరు కదా.

"ఆయన దగ్గర్నుంచి రాలేదు తాయీ," అన్నాడు సబ్నీస్. "వెళ్ళేముందు కొన్ని రాసిచ్చి వెళ్ళాడు. అనుకున్న రోజు దాకా సరిపోయేవే. తుఫానని ఒకసారి, గాలని ఒకసారి ప్రయోగం వాయిదా వేశారుగా. ఉన్నవన్నీ అయిపోయాయి."

"వాయిదా పడిందంటే ఆబా గెలిచినట్టేగా! ఆ మాటే రాయమనండి. రేపు కూడా ఎగరదని రాయమనండి. నాలుగు వాక్యాలు చాలు."

"రేపు..." అని ఆగిపోయాడు సబ్నీస్.

"ఎగురుతుందా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బయట వాన పట్టుబట్టి కురుస్తోంది. అక్కాతాయి అప్పుడు కూర్చుంది.

"నాకు నిద్ర లేదు సాయెబ్. కళ్ళు మూస్తే మంటే కనిపిస్తోంది."

"మీ అబ్బాయి ఫోన్ చేస్తున్నాడు కదా?"

"చేస్తాడు. 'అంతా భద్రం ఆయీ, ఖాయంగా ఎగురుతుంది, భయపడకు' అంటాడు. ఎగురుతుందనేగా నా భయం! వెర్రినాగన్న. కడుపున పుట్టినవాడికి నా బాధ అర్థం కాలేదు. ముక్కూ మొహం తెలియని ముసలాయనకి అర్థమైంది."

"అలా అనకండి తాయీ."

"ఎందుకనకూడదు? ఉన్నమాటేగా." కొంగుచాటు నుంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "వేరుశెనగ లడ్డూలు. మా వాడికి ప్రాణం. ఈ ముసలాయన పళ్ళకి పనికొస్తాయో లేదో తెలీదు. ఇల్లెక్కడో చెబితే నేనే వెళ్ళి ఇచ్చొస్తాను."

"ఆయన ఇంట్లో లేడు."

"మరెక్కడున్నాడు?"

"బయటికి రానివ్వని చోట ఉన్నాడు తాయీ. ఎవర్నీ కలవనివ్వరు. ఫోన్లో మాట్లాడాలన్నా పక్కన మనిషి ఉంటాడట. ఇంక వ్యాసం ఎలా పంపుతాడు?"

డబ్బా మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. "జైల్లో పెట్టారా?"

సబ్నీస్ తడిసిన కాగితాల్ని దులపసాగాడు.

"ఉన్నమాట అన్నందుకు జైల్లో పెడతారా? వీళ్ళ చేతులు పడిపోనూ!" అక్కాతాయి మళ్ళీ లేచి నిలబడింది. "నేను జయసింగ్‌కి చెప్తాను. వాడి మాటకిప్పుడు ఢిల్లీలో విలువుంది. ఆబా పేరెత్తితే వాడికి ఒళ్ళు మంట. 'ఆ ముసలాడి చెత్త చదవకు ఆయీ' అని నన్నే కసురుకుంటాడు. అయితేనేం, తల్లి అడిగితే కాదనడు. విడిపిస్తాడు."

"వద్దు!" సబ్నీస్ గట్టిగానే అన్నాడు. లడ్డూల డబ్బా మూత ఊరికే ఎత్తి చూసి, మళ్ళీ మెల్లిగా పెట్టేశాడు. "అక్కర్లేదు తాయీ. రేపు తెల్లారగానే వాళ్ళే బయటికి తీసుకొస్తారు. టీవీలో చూపిస్తారు."

"టీవీలోనా? పాపం, ఆ ముసలాణ్ణి ఊరందరి ముందూ నడిపిస్తారా?"

"ముసలాయన కాదు తాయీ," అన్నాడు సబ్నీస్, ఇచ్చిన మాట తప్పుతూ. "మీరు నిద్రపోతే చాలని రాసినవాడు... రేపు నడిమి సీట్లో కూర్చుంటున్నాడు."