మూత పెట్టిన సూది

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. పెట్టేటప్పుడే వేలికి గుచ్చుకుంటుంది.

రాత్రి వార్డులో ఒక్కతే ఉన్న నర్సు ఒక ముసలి రోగికి చివరి ఇంజెక్షన్ చేసి, సూదిని కాసేపు ట్రేలో పెట్టి, ఆ తాతకు దుప్పటి కప్పింది. వెనక టిక్కుమని చిన్న చప్పుడైంది. తిరిగి చూస్తే సూదికి మూత ఉంది.

"తాతా, ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

"నీ పక్కనే నిలబడిందిగా కళ్లజోడు నర్సమ్మ! మూత పెట్టందే ఆవిడకి చెయ్యి ఊరుకోదు కాబోలు."

కళ్లజోడు నర్సు అలా మూత పెడుతూనే సూది గుచ్చుకుని, జబ్బు అంటుకుని, పోయిన ఏడాది చనిపోయింది. తాత ఆసుపత్రిలో చేరింది నిన్న.

నర్సు ఆ సూదిని మూతతోనే, వాడిన సూదులు పడేసే తెల్ల డబ్బాలో వేసి బిగించింది. చేతి తొడుగు విప్పింది. బొటనవేలి దగ్గర తొడుగుకు చిల్లు, వేలి మీద నెత్తుటి చుక్క. గుచ్చుకున్నట్టు ఆమెకు తెలియనే లేదు.