పేరుకు పడని చోటు

“రామంతాపూర్ మీకు పడదు. హబ్సిగూడలోనే తీసుకోండి” అన్నాడు భావనారాయణ సిద్ధాంతి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంటూ.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో సిద్ధాంతిగారి మేడమీది గదిలో, భర్త జనార్దన్ పక్కన చాప మీద కూర్చుని ఉంది విమల. సొంతిల్లు కొందామని అనుకున్న దగ్గర్నుంచీ ఇద్దరికీ ఒకటే రభస. పక్కపక్క పేటల్లో రెండు ఫ్లాట్లు నచ్చాయి. ఆమె రామంతాపూర్ అంటుంది, ఆయన హబ్సిగూడ అంటాడు. ఇంట్లో ఎంతకూ తెగక పంచాయితీ ఇక్కడికి వచ్చింది.

“ఇన్నవా? నేను చెప్తె ఇనకపోతివి” అన్నాడు జనార్దన్. అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం ఆయనది. మంచివాడే, కూతురంటే ప్రాణం కూడా. కాకపోతే ఏ పనికైనా ముందు పంతులుగారు సరే అనాల్సిందే.

“ఎందుకు పడదు పంతులుగారు?” అడిగింది విమల.

“ఊరికీ, కొనేవారికీ పొంతన చూడాలమ్మా. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ఒక్కో జంతువు వస్తుంది. జనార్దన్‌గారిది సింహం. రామంతాపూర్‌ది ఏనుగు. వాటికి పుట్టువైరం. అక్కడున్నన్నాళ్లూ ఏదో ఒక కీడు తప్పదు. హబ్సిగూడది కుందేలు. దానితో మీకు ఏ పేచీ లేదు.”

ఏనుగట, కుందేలట. విమలకు ఒళ్లు మండిపోయింది. కానీ ఇక్కడ నోరు జారితే భర్త ఇంకా బిగుసుకుపోతాడని దిగమింగుకుంది.

ఆమెకు కావలసింది గదులూ బాల్కనీలూ కాదు. ఆరేళ్ల కూతురు మనస్వినికి పుట్టుకతోనే వినపడదు. రామంతాపూర్‌లో నాగరత్నం టీచరు అలాంటి పిల్లలకు తన ఇంట్లోనే మాటలు నేర్పుతుంది. ఇప్పుడు అద్దెకుంటున్న నాంపల్లి నుంచి వారానికోసారి తీసుకువెళ్లడమే గగనమైపోతోంది. “రోజూ పంపితే పాప మాట్లాడుతుందమ్మా. ఇంకాస్త పెద్దదైతే మాత్రం నేనేమీ చెయ్యలేను” అని టీచరు మొహం మీదే చెప్పేసింది. ఆ ఫ్లాటు ఉన్నది సరిగ్గా టీచరు ఇంటి పక్కనే. మొన్న పాప మొదటిసారి ‘అమ్మ’ అన్నప్పుడు విమల టీచరు వాకిట్లోనే కూలబడి ఏడ్చింది.

“హబ్సిగూడ ఏమన్న దేశం అవుతలున్నదా? గాడికెల్లి ఆటోల పోవచ్చు. నాకు దుకాణానికి మెట్రో గూడ ఉంటది” అన్నాడు జనార్దన్.

“రోజూ ఎవరు తీస్కపోతరు? మీరు దుకాణంల ఉంటరు, నేను గన్‌ఫౌండ్రీల బ్యాంకుల ఉంటా. పక్కిల్లయితే అత్తమ్మ చెయ్యి పట్టుకొని పోయొస్తది. ఆటో ఎక్కి దిగుడు ఆమెతోని అయితదా?”

“గట్లని తెలిసి తెలిసి కీడుల కాలు పెట్టమంటవా?”

“మీ మెట్రో కోసం పిల్ల మాట పోగొట్టుకుందామా?”

అనకుండా ఉండాల్సిన మాటే. అనేసింది. జనార్దన్ మొహం ఎర్రబడింది. సిద్ధాంతి ఇద్దరినీ చూసి, ఇలాంటివి రోజూ చూసేవాడిలా ఒక్క దగ్గు దగ్గాడు.

విమల ఆయన వైపు తిరిగింది. “శాంతి ఏదన్న చేపిస్తే పోదా పంతులుగారు?”

“పూజ చేస్తే ఊరి పేరు మారుతుందా తల్లీ?”

అదీ నిజమే. జనార్దన్ కండువా సర్దుకుని లేవబోయాడు. ఆయన లేచాడంటే ఇక హబ్సిగూడ ఖాయం. పాప పెదాలు ‘అమ్మ’ అంటూ కూడుకోవడం విమల కళ్ల ముందు మెదిలింది. అప్పుడు తట్టింది ఆమెకు.

“పంతులుగారు, ఇల్లు నా పేరు మీద తీసుకుంటే?”

జనార్దన్ మళ్లీ కూర్చున్నాడు. సిద్ధాంతి కళ్లజోడు పెట్టుకున్నాడు.

“చూడాల్సింది కొనేవారి పేరే కదా. నీ పేరేమిటమ్మా?”

“విమల.”

సిద్ధాంతి వేళ్ల కణుపుల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. ఆయన మొహం విప్పారింది. “భేషుగ్గా ఉంది. నీదీ ఏనుగే. రామంతాపూర్ నీకు పుట్టింటితో సమానం. నిశ్చింతగా నీ పేరు మీద రాయించుకో. ఏ దోషమూ అంటదు.”

విమలకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతులెత్తి ఆయనకు దండం పెట్టింది. ఇన్నాళ్లూ పడ్డ పోరు ఒక్క మాటతో తేలిపోయింది. ఇక రోజూ అత్తమ్మ వెంట పాప గేటు దాటి పక్కింట్లోకి వెళ్తుంది. రోజుకో మాట నేర్చుకుంటుంది.

“ఇంకేంది మరి, పంతులుగారే సరే అన్నరు” అంది భర్తతో, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. “మీకిగ ఏ ఫికర్ లేదు. లేవున్రి, ఫ్లాటు అమ్మేటాయనకు ఫోన్ చేద్దాం.”

జనార్దన్ లేవలేదు. చాప మీద కూర్చునే, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత సిద్ధాంతి వైపు మెల్లగా జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

“అంటే పంతులుగారు, ఏనుగు పదేండ్ల సంది నా ఇంట్లనే ఉన్నదన్నట్టు. మా పాప గట్ల పుట్టింది ఈమె వల్లనేనా?”