రొట్టెల కొట్టు

“ఇంగో రొట్టె ఎయ్యమంటారా అన్నా?”

“ఎయ్యమ్మా. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఊరిబయట ఎన్ని కొట్లు తిరిగినా ఈ పుండికూర పప్పు రుచి యాడా లేదు. ఇంత తక్కువకు ఇంత మంచి తిండి ఎవురు పెడతారు?” అన్నాడు దేవేంద్రప్ప. పత్తి యార్డులో ఏదో వ్యాపారమంటాడు.

సుభద్రమ్మ నవ్వలేదు. మధ్యాహ్నం రెండవుతున్నా బల్ల ముందు ఉన్నది ఆయనొక్కడే. ఎదురుగా పత్తిమిల్లు గేటు దగ్గర పేరూ ఊరూ లేని ఆటో ఆగి ఉంది. కూలీలంతా బిర్యానీ పొట్లాల కోసం దాని చుట్టూ మూగారు. మొన్నటిదాకా ఆమె రొట్టె తిన్నవాళ్లే అందరూ. ముప్పై రూపాయలకే బిర్యానీ చేతికొస్తుంటే ఇటు ఎవడు చూస్తాడు?

“ఆ ఆటో రాబట్టి రెండు నెలలాయ. అంత తక్కువకిచ్చి ఏం మిగుల్చుకుంటాండారో. నా కడుపు కొట్టనీకే వచ్చినట్టుంది.”

“నేనైతే ఆ తిండి ముట్టనమ్మా,” అన్నాడు దేవేంద్రప్ప.

ఆ మాటకే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. అందరూ మొహం చాటేసినా ఈ ఒక్క మనిషి రోజూ స్కూటర్ మీద వచ్చి తిని పోతున్నాడు.

ఈ కొట్టు పెట్టాకే కోసిగి నుంచి ఏటా కోతల కాలంలో సుగ్గికని గుంటూరు మిరపచేలకు వలసపోయే బాధ తప్పింది. కూతురు అంజలి రెండేళ్లుగా ఒకే బడిలో చదువుతోంది. కొట్టు మూస్తే మళ్లీ మూటాముల్లె సర్దుకోవాలి, పిల్లను బడి మాన్పించాలి.

“అన్నా, మీ ఇంట్లో వంటకు రమ్మని మూడుసార్లు అడిగినారు. నా కొట్టు నాకుందని కాదంటి. ఇప్పుడొస్తే పెట్టుకుంటారా?”

దేవేంద్రప్ప తీరిగ్గా చేయి కడుక్కున్నాడు. “పెట్టుకుంటాలే. అయితే అప్పుడు చెప్పినంత జీతం ఇప్పుడు ఇయ్యలేను సుభద్రమ్మా.”

ఆమెకు ప్రాణం చివుక్కుమంది. అయినా ఈ రోజుల్లో ఇంతమాత్రం దారి చూపేవాళ్లెవరు, అదే పదివేలనుకుంది. “సరే అన్నా,” అంది.

ఆయన వెళ్లాక చూస్తే, వాళ్లమ్మకని కట్టించుకున్న రొట్టెల పొట్లం బల్ల మీదే ఉంది. గబగబా తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. దేవేంద్రప్ప స్కూటర్ పక్కన అటు తిరిగి నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“ప్రహ్లాద్, రేపట్నుంచి మిల్లుకు మన ఆటో పంపొద్దు.”