ఎర్త్ ఉందా?

"ఆగండి! ప్లగ్గు పెట్టకండి," అంటూ కోడలు కొత్త ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడేమొచ్చింది?" భర్త విసుక్కున్నాడు.

"ఎర్త్ అందడం లేదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ బల్బు పెట్టి చూశాను, వెలగలేదు."

"గోడకి సర్జ్ ప్రొటెక్టర్ ఉందిగా!"

"ఎర్త్ లేకపోతే అది ఉత్త డబ్బా. ఎక్కడో పిడుగు పడి కరెంటు ఒక్కసారిగా పొంగితే, ఆ పొంగు భూమిలోకి పోవడానికి దారేదీ?"

బయట మబ్బు పట్టింది. ఆమె టీవీ ప్లగ్గు కూడా పీకేసింది.

"నాలుగు నెలలు మన షాపులో బల్బులు అమ్మేసరికి కరెంటు పనంతా వచ్చేసిందా? ఈ ఇంటి వైరింగ్ చేసింది నాన్న!"

అత్త నొచ్చుకుంది. "ముప్పై ఏళ్ళుగా ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్న మనిషమ్మా మీ మామయ్య! ఆయన పనికే వంకలా?"

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "నేను వేసిన ఎర్త్‌కి ఢోకా లేదు. పెట్టండి ప్లగ్గు," అన్నాడు.

అయినా ఆమె పక్కకి జరగలేదు.

"ఏమనుకోకండి మామయ్యా. కళ్ళతో చూస్తేగానీ పెట్టనివ్వను."

మెయిన్ ఆపేసి, గునపం పట్టుకుని పెరట్లోకి నడిచింది. గోడ వెంట దిగిన ఎర్త్ తీగ పక్కనే తవ్వడం మొదలుపెట్టింది. చినుకులు పడ్డాయి. చీర కుచ్చిళ్ళు బురదయ్యాయి.

"పరువు తీస్తున్నావు, లోపలికి రా!" గుమ్మంలోంచి భర్త అరిచాడు. ఆమె చెయ్యి ఆగలేదు.

మూరెడు లోతున, భూమిలో దిగేసిన ఎర్త్ రాడ్డు తల కనిపించింది. తీగ దాన్ని అంటుకుని లేదు. బెత్తెడు దూరంలో ఊరికే పడి ఉంది. బోల్టు ఊడి మట్టిలో దొరికింది.

ఆమె ఎవరినీ పిలిచి చూపించలేదు. తీగ చివర శుభ్రంగా తుడిచి, రాడ్డుకి చేర్చి, బోల్టు బిగించింది. లోపలికొచ్చి మెయిన్ వేసి టెస్ట్ బల్బు పెట్టింది. టక్కున వెలిగింది.

మామగారు పేపరు మడిచి లేచాడు.

కోడలు ఆయన దగ్గరికి వెళ్ళింది. "పాత బోల్టు కదా మామయ్యా... వదులై ఊడినట్టుంది, అంతే," అంది మెల్లగా.

"వదులై ఊడలేదమ్మా. షాపు తాళాలు నీకివ్వాలో, మావాడికివ్వాలో తేల్చుకుందామని, పొద్దున నేనే తవ్వి విప్పాను."