సగం చక్కెర ఉండగానే

డాక్టరు గదిలోంచి భార్య ఒక్కతే బయటికొచ్చింది. మేస్త్రీ బెంచీ మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"మీ బరువు సరిగ్గా లేదట. నెలలో దారికి తెచ్చుకుంటేనే హెర్నియా ఆపరేషన్ చేస్తారట."

ఎందుకని అడిగే అలవాటు ఇంట్లో ఆయనకు లేదు. ఆ రాత్రి నుంచి కంచంలో అన్నం సగమైంది. తన బరువు ఎక్కువని ఇన్నేళ్ళూ తనకే తెలియనందుకు మేస్త్రీ సిగ్గుపడ్డాడు. పెళ్ళయ్యాక మొదటిసారి, ఇంకొంచెం వడ్డించమని అడిగాడు.

"అయిపోయింది," అంది ఆవిడ, గిన్నె మీద మూత పెడుతూ.

రొట్టెలు పొంగించే ఈస్టు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన మేస్త్రీ. తొట్టెల్లోకి చక్కెర నీళ్ళు ఎప్పుడు ఎంత వదలాలో ఆయన చెప్పిందే వేదం. ఇంటికొచ్చినా అదే పురాణం. ఆవిడ బట్టలు మడతపెడుతూ ఊకొట్టేది.

"పుష్కలంగా పోసినన్నాళ్ళూ ఈస్టు కణాలకి రేపటి ధ్యాసే ఉండదు. కాస్త తగ్గించి చూడు, ఇంకా సగం చక్కెర ఉండగానే ఒంట్లో దాచుకోవడం మొదలుపెడతాయి."

"ఎవరు చెప్తారు వాటికి?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. తగ్గించడమే చెప్పడం."

వారం తిరక్కుండానే మేస్త్రీ దొంగయ్యాడు. స్పానర్ల పెట్టెలో బిస్కెట్లు, వాన బూట్లలో జీడిపప్పు పొట్లం. వంటింట్లో వెన్న డబ్బా చేతికందే ఎత్తులోనే ఉండేది. ఎంత నాకినా మర్నాటికి మళ్ళీ నిండేది. పెళ్ళాం అమాయకత్వానికి ఆయనకు జాలేసింది.

భయం మాత్రం పోలేదు. ఆపరేషన్ కాకపోతే బరువులెత్తలేడు. ఎత్తలేనివాణ్ణి ఫ్యాక్టరీ ఉంచుకోదు. అన్నీ తెలుసు, అయినా చెయ్యి ఆగలేదు.

నెల తిరిగింది. మేస్త్రీ తూకం యంత్రమెక్కి కళ్ళు మూసుకున్నాడు.

"నాలుగు కిలోలు పెరిగారు," అంది నర్సు.

ఆయనకు ప్రాణం పోయినంత పనైంది. "తప్పయిపోయిందండీ. ఈవిడ పాపం కట్టడి చేస్తూనే ఉంది, నేనే దొంగచాటుగా తిన్నాను," అన్నాడు తలొంచుకుని.

డాక్టరు ఆయన మాట పట్టించుకోకుండా ఆవిడవైపు తిరిగాడు.

"ఎలా సాధించారమ్మా?"

"పాతికేళ్ళు బతిమాలి పెట్టినా సగం కంచం వదిలేసి లేచే ఈ బక్కప్రాణిని నాలుగు కిలోలు పెంచి తీసుకురమ్మన్నారు కదండీ, అందుకని తగ్గించి పెట్టాను."